అగ్లోనిమా కింది ఆకులు పసుపుబారి కాడ మెత్తబడుతుంటే

కడియం నర్సరీలో కొన్న ఎర్ర ఆకుల అగ్లోనిమా మొక్కని హాల్లో పెట్టి రోజూ పొద్దున్నే నీళ్లు పోస్తున్నారు, అయినా కింది ఆకులు పసుపుబారి కాడ మొదట్లో మెత్తబడుతోందని అడిగారు. ముందు నీళ్లు ఆపెయ్యండి. ఎరువు అసలు వెయ్యకండి. వేరు కుళ్లుతోంది.

మాది అమలాపురం దగ్గర. ఈ మొక్కల్ని ఇంట్లో చాలా ఏళ్లుగా పెంచుతున్నాను. ఆసియాలోని వేడి అడవుల్లో పెద్ద చెట్ల నీడన పెరిగే జాతి కాబట్టి మన ఉక్కపోత వాటికి బాగా పడుతుంది. ఆకుల మీద రోజూ నీళ్లు చిలకరించాల్సిన పని కూడా లేదు. నర్సరీవాళ్లు రోజూ తడుపుతారంటే అక్కడ షేడ్ నెట్ కింద గాలి ఆడుతుంది, చిన్న కవర్లలో మట్టి త్వరగా ఆరిపోతుంది. హాల్లో మూల పెట్టిన పెద్ద కుండీ అలా ఆరదు. వానాకాలంలో మరీనూ.

మొక్కని మట్టితో సహా బయటికి తీసి చూడండి. మంచి వేరు తెల్లగా, గట్టిగా ఉంటుంది. కుళ్లింది గోధుమరంగుకి తిరుగుతుంది. రెండు వేళ్లతో పట్టి లాగితే పైతోలు జారి వచ్చేసి లోపల దారంలాంటి పోగు మిగులుతుంది, మురుగు వాసన కొడుతుంది. అలాంటివన్నీ శుభ్రమైన కత్తెరతో తీసెయ్యండి. కాడ మెత్తబడిన చోట గట్టి భాగం వచ్చేదాకా కోసెయ్యండి. పై ముక్కని ఒక పూట నీడన ఆరనిచ్చి నీళ్ల సీసాలో పెట్టి, రెండు మూడు రోజులకోసారి నీళ్లు మారిస్తే కొన్ని వారాల్లో కణుపుల దగ్గర వేళ్లు దిగుతాయి. కోసేటప్పుడు చేతులకి కవర్లు తొడుక్కోండి. చేమ, కంద కుటుంబమే ఇది, రసం తగిలితే అదే దురద. పాకే పిల్లలుంటే అందని చోట పెట్టాలి.

మళ్లీ నాటేటప్పుడు మన నల్లమట్టి మాత్రం వద్దండి. వరికి బంగారం లాంటిదే, కుండీలో మాత్రం ముద్ద కట్టి గాలి ఆడనివ్వదు. నేనైతే ఎర్రమట్టి, కడిగిన కొబ్బరిపొట్టు, ముతక ఇసుక సమానంగా కలిపి, గుప్పెడు వర్మీకంపోస్ట్ వేస్తాను. కొబ్బరిపొట్టులో ఉప్పు ఉంటుంది, కడగకుండా వాడొద్దు. ఆ ఉప్పుతోనే ఇంకో తంటా: సముద్రం వైపు ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, అవి పోస్తే ఆకు కొసలు మాడతాయి. వేసవిలో కాలువలకి నీళ్లు ఆపేసి బోరు నీళ్లే దిక్కైనప్పుడు కూడా పట్టి ఉంచుకున్న వాన నీళ్లో మంచినీళ్లో పోయడమే మేలు.

ఇక నీళ్లు ఎప్పుడంటే, వేలు రెండు కణుపుల లోతు దించితే పొడిగా తగిలినప్పుడే. ఎండాకాలంలో వారానికి రెండుసార్లు పట్టొచ్చు, ముసురు రోజుల్లో పది రోజులైనా అక్కర్లేదు. ఎర్ర రకానికి వెలుతురు కావాలి, లేకపోతే ఎరుపు తగ్గి ఆకుపచ్చగా అయిపోతుంది. తూర్పు కిటికీ పక్కన బాగుంటుంది, పడమటెండ నేరుగా తగిలితే ఆకు కాలిపోతుంది. ఏసీ గాలి సూటిగా కొట్టే చోటు కూడా వద్దు.

కుండీకి అడుగున చిల్లు ఉందో లేదో మీరు రాయలేదు. హాల్లో పెట్టే పింగాణీ కుండీలకి చాలావాటికి ఉండదు. అలాంటిదైతే మొక్కని చిల్లులున్న ప్లాస్టిక్ కుండీలో నాటి అందులో దించండి, నీళ్లు పోసిన అరగంటకి బయటికి తీసి అడుగున నిలిచింది పారబోయండి.