మోరోవిండ్ ఏ ఫోల్డర్‌ని చదువుతోందో ముందు చూడు

చిరంజీవికి ఆశీస్సులు.

మోరోవిండ్ ఆటకి మోడ్లు, అంటే ఆటని మార్చడానికి ఇతరులు చేసిన అదనపు ఫైళ్లు, పెడితే, వాటిని ఆన్ చేసే మోడ్ మేనేజర్‌లో టిక్ కనిపిస్తున్నా ఆటలో ఏమీ మారట్లేదనీ, ఆటని తీసేసి డిస్క్ నుంచి మూడుసార్లు మళ్లీ పెట్టినా అదే తంతనీ రాశావు. నాలుగోసారి పెట్టినా ఇంతే. మోడ్ మేనేజర్ రాస్తున్న ఫైల్ ఒకటి, ఆట చదువుతున్న ఫైల్ ఇంకొకటి.

మోరోవిండ్ 2002 నాటి ఆట. సెట్టింగులుండే మోరోవిండ్ డాట్ ఐఎన్‌ఐ అనే ఫైల్, నువ్వు ఆడి దాచుకున్న సేవ్‌లు అన్నీ తను ఉన్న ఫోల్డర్‌లోనే రాసుకుంటుంది. విస్టా వెర్షన్ వచ్చాక విండోస్, ప్రోగ్రాములుండే ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో అలా రాయనివ్వడం మానేసింది. కానీ పాత 32 బిట్ ప్రోగ్రాములు ఆగిపోకుండా, అవి రాసినదాన్ని చాటుగా వర్చువల్‌స్టోర్ అనే చోటికి మళ్లిస్తుంది. ఆ తర్వాత చదివేటప్పుడు కూడా ముందు అక్కడి కాపీనే ఇస్తుంది. నువ్వేమో మోడ్ మేనేజర్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరుస్తున్నావు. అది అసలు ఫోల్డర్‌లో రాస్తుంది. మామూలుగా తెరిచిన ఆట వర్చువల్‌స్టోర్‌లోని పాత ఐఎన్‌ఐ చదువుకుంటుంది. పైగా ఆటని అన్‌ఇన్‌స్టాల్ చేసినా వర్చువల్‌స్టోర్ చెక్కుచెదరదు. కొత్తగా పెట్టిన ప్రతిసారీ ఆ పాత ఐఎన్‌ఐ నీకోసం కాచుకునే ఉంది.

చూసుకోవడం తేలిక. యూజర్స్‌లో నీ పేరున్న ఫోల్డర్, అందులో యాప్‌డేటా, లోకల్, వర్చువల్‌స్టోర్, ఎక్స్86 అని ఉన్న ప్రోగ్రామ్ ఫైల్స్, బెథెస్డా సాఫ్ట్‌వర్క్స్, మోరోవిండ్. యాప్‌డేటా కనిపించకపోతే వ్యూ మెనూలో దాచిన ఐటమ్స్ చూపించమను. లోపల ఐఎన్‌ఐ ఉంటే నోట్‌ప్యాడ్‌లో తెరిచి గేమ్ ఫైల్స్ విభాగం చూడు. గేమ్‌ఫైల్0, గేమ్‌ఫైల్1 అంటూ ఆన్‌లో ఉన్న మోడ్లన్నీ వరసగా ఉంటాయి. ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని అసలు ఫోల్డర్‌లో ఉన్న ఐఎన్‌ఐని దీని పక్కన పెట్టి పోల్చు. రెండు జాబితాలూ వేరువేరుగా ఉంటే దొంగ దొరికినట్టే.

ఇప్పుడు బాగుచెయ్యి. అన్నిటికన్నా ముందు వర్చువల్‌స్టోర్‌లోని సేవ్స్ ఫోల్డర్‌ని వేరే చోటికి కాపీ చెయ్యి. ఇన్నాళ్లు ఆడిన ఆటంతా బహుశా అక్కడే ఉంది. తర్వాత ఆట అన్‌ఇన్‌స్టాల్ చేసి, ప్రోగ్రామ్ ఫైల్స్‌లో మిగిలిన మోరోవిండ్ ఫోల్డర్‌నీ, వర్చువల్‌స్టోర్‌లోని దాన్నీ రెండింటినీ తీసెయ్. సీ డ్రైవ్‌లో గేమ్స్ అని ఫోల్డర్ చేసి, ఇన్‌స్టాలర్ దారి అడిగినప్పుడు అది చూపించు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ వద్దు, వన్‌డ్రైవ్ వాటిని సింక్ చేస్తూ అడ్డం పడుతుంది. ముందు మోరోవిండ్, తర్వాత దాని ఎక్స్‌పాన్షన్లు (అదనపు భాగాలు) ట్రైబ్యునల్, ఆఖర్న బ్లడ్‌మూన్ ఇన్‌స్టాల్ చెయ్యి. సేవ్‌లు తిరిగి పెట్టు. ఇకపై దేన్నీ అడ్మినిస్ట్రేటర్‌గా నడపకు, ఆ అవసరమే రాదు.

ఫోల్డర్‌ని కట్ చేసి పేస్ట్ చేస్తే సరిపోదా అంటావేమో. ఆట నడుస్తుంది గానీ, విండోస్ తన వివరాలు దాచుకునే రిజిస్ట్రీలో ఇన్‌స్టాల్డ్ పాత్, అంటే ఆట ఉన్న చోటు, పాతదే ఉండిపోతుంది. మోడ్ టూల్స్ చాలావరకు దాన్నే నమ్ముతాయి.

మోడ్‌ని విప్పేటప్పుడు తొందరపడకు. జిప్ తెరిచి చూడు. మెషెస్ (వస్తువుల ఆకారాలు), టెక్స్చర్స్ (వాటి పైపూత బొమ్మలు), ఐకాన్స్ ఫోల్డర్లు గానీ ఈఎస్‌పీ ఫైల్ (మోడ్ అసలు ఫైల్) గానీ ఏ మెట్టులో కనిపిస్తాయో అక్కడి నుంచి తీసి, ఆట ఫోల్డర్‌లోని డేటా ఫైల్స్‌లో వెయ్యాలి. డేటా ఫైల్స్ లోపల ఇంకో డేటా ఫైల్స్ ఏర్పడిందంటే ఒక మెట్టు పైనుంచి విప్పావన్నమాట. ఈఎస్‌పీ సరైన చోట పడి మెషెస్ తప్పు చోట పడితే, ఆటలో వస్తువు ఉండాల్సిన చోట పసుపు రంగు ఆశ్చర్యార్థకం గుర్తు నిలబడుతుంది. బొమ్మల నాణ్యత పెంచే ఎంజీఈ ఎక్స్ఈ, ఆటలోని తప్పులు సరిచేసే కోడ్ ప్యాచ్ మాత్రం డేటా ఫైల్స్‌లోకి పోకూడదు, మోరోవిండ్ ఈఎక్స్‌ఈ పక్కనే ఉండాలి.

కొత్త ఐఎన్‌ఐలో ఆర్కైవ్స్ విభాగం కూడా ఒకసారి చూడు. ట్రైబ్యునల్, బ్లడ్‌మూన్ బీఎస్‌ఏల (ఆట బొమ్మల్ని మూటకట్టిన ఫైళ్ల) పేర్లు రెండూ ఉండాలి. లేకపోతే ఆ ఎక్స్‌పాన్షన్ల బొమ్మలు దొరకవు, నువ్వేమో మోడ్‌ని తిట్టుకుంటావు.

టెక్స్చర్ మోడ్ సరైన చోటే ఉన్నా పాత బొమ్మే కనిపిస్తే ఫైళ్ల తేదీలు చూడాలి. బీఎస్‌ఏ తేదీ విడి ఫైల్ కన్నా కొత్తదైతే ఆట బీఎస్‌ఏనే వాడుతుంది. ఇది స్టీమ్ కాపీల్లో ఎక్కువ. టీఈఎస్3సీఎండీ అనే టూల్‌లో రీసెట్‌డేట్స్ కమాండ్ ఇస్తే బెథెస్డా ఫైళ్లకి అసలు తేదీలు తిరిగి వస్తాయి.

ముందు ఒక్క మోడ్ పెట్టి ఆడి చూడు, అది కనిపించాకే రెండోది. అప్పటికీ మొండికేస్తే వర్చువల్‌స్టోర్‌లో మళ్లీ మోరోవిండ్ ఫోల్డర్ పుట్టిందేమో చూసి, ఐఎన్‌ఐలోని గేమ్ ఫైల్స్ భాగం ఉన్నదున్నట్టు నాకు పంపు.

బాబాయి