ఐరన్-సల్ఫర్ ప్రొటీన్ల మీద పీహెచ్‌డీ చేస్తే భవిష్యత్తు ఉంటుందా?

ఎంఎస్సీ బయోకెమిస్ట్రీ అయ్యాక ఐరన్-సల్ఫర్ ప్రొటీన్ల ల్యాబ్‌లో సీటు వచ్చిందనీ, అది మరీ ఇరుకైన టాపిక్ అని సీనియర్లు భయపెడుతున్నారనీ రాశారు. ఇనుము, సల్ఫర్ అణువులు కలిసిన చిన్న గుత్తులు (వాటినే క్లస్టర్లు అంటాం) ఉండే ప్రొటీన్లివి. నా పీహెచ్‌డీ, ఆ తర్వాత పోస్ట్‌డాక్ రెండూ వీటి మీదే. చేరమనే చెబుతాను, అయితే దేనికి సిద్ధపడి చేరాలో కూడా చెప్తాను.

ఇక్కడ అసలు శత్రువు గాలి. బ్యాక్టీరియా కణాలను పగలగొట్టి, శుద్ధి చేసే కాలమ్‌లో వేసినప్పుడు ప్రొటీన్ ముదురు గోధుమ రంగులో దిగుతుంది, చూడ్డానికి చాలా బాగుంటుంది, కానీ బయట పెట్టామంటే చాలా ప్రొటీన్లలో ఆక్సిజన్ ఆ క్లస్టర్‌ను విరగ్గొట్టేస్తుంది, రంగు వెలిసిపోతుంది. అందుకే గ్లవ్ బాక్స్‌లో, అంటే ఆక్సిజన్ లేని మూసిన పెట్టెలో, లావుపాటి రబ్బరు చేతొడుగులతో పని, ప్రతి బఫర్‌లోంచీ ముందే ఆక్సిజన్ తీసేయాలి. ఈపీఆర్‌కి, అంటే జత లేని ఎలక్ట్రాన్లను అయస్కాంత క్షేత్రంలో పసిగట్టే పద్ధతికి, ద్రవ హీలియం కావాలి, అది సమయానికి రాకపోతే శాంపిళ్లన్నీ ద్రవ నైట్రోజన్‌లో పెట్టుకుని ఎదురుచూడటమే. పేపర్లు నెమ్మదిగా వస్తాయి. పక్క ల్యాబ్ వాళ్లవి వరసగా వస్తుంటే టెన్షన్ పడతారు, అది మామూలే.

ఇరుకు అన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. బయోకెమిస్ట్ హెల్మట్ బైనర్ట్ జీవితం చూడండి. జర్మనీలో పుట్టి, అమెరికాలోని విస్కాన్సిన్ యూనివర్సిటీలో స్థిరపడ్డారు. ఆయన మొదలుపెట్టింది ఇనుముతో కాదు, ఫ్లావిన్ (విటమిన్ బీ2 నుంచి వచ్చే సహాయక అణువు) ఉన్న ఎంజైములతో. మిచిగన్‌లోని ఫిజిసిస్ట్ రిచర్డ్ శాండ్స్‌తో కలిసి మైటోకాండ్రియా శాంపిళ్లను ఈపీఆర్‌లో పెడితే జీ విలువ (సిగ్నల్ స్థానాన్ని చెప్పే సంఖ్య) 1.94 దగ్గర ఒక సిగ్నల్ కనిపించింది, 1960లో అచ్చయింది, కానీ అది దేనిదో అప్పటికి తేలలేదు. వదిలేయలేదాయన. ఇనుము-57 ఐసోటోప్ ఇచ్చి పెంచిన అజోటోబాక్టర్ అనే బ్యాక్టీరియా ప్రొటీన్‌లో ఆ సిగ్నల్ వెడల్పైందని షెత్నా, ఇతరులతో కలిసి 1964లో చూపించారు, దాంతో అది ఇనుముదేనని తేలింది. అదే కాలంలో, 1962లో, డ్యూపాంట్ కంపెనీ శాస్త్రవేత్తలు క్లాస్ట్రీడియం అనే బ్యాక్టీరియా నుంచి ఫెర్రిడాక్సిన్ అనే ఐరన్-సల్ఫర్ ప్రొటీన్‌ను బయటికి తీశారు. ఇలాంటి ప్రొటీన్ల మీద ఆసిడ్ పోస్తే కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. సల్ఫర్ ఉందని అలా కూడా తెలుస్తుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఆయన అకోనిటేజ్ పని. సిట్రిక్ ఆసిడ్ సైకిల్‌లోని ఈ ఎంజైమును గాలిలో శుద్ధి చేస్తే పనిచేయదు, ఫెర్రస్ ఇనుము కలిపితే మళ్లీ లేచి పనిచేస్తుంది. ఇది 1950ల నుంచీ తెలిసినా ఎందుకో తెలియదు. నాలుగు ఇనుములున్న క్లస్టర్ నుంచి ఒకటి ఊడి మూడే మిగులుతున్నాయనీ, ఆ ఊడే ఇనుముకే సిట్రేట్ (ఈ ఎంజైము మార్చే అణువు) అతుక్కుంటుందనీ 1980లలో బైనర్ట్ బృందం తేల్చింది. అంటే అప్పటిదాకా ఎలక్ట్రాన్లు మోసేవనుకున్న క్లస్టర్లు స్వయంగా రసాయన చర్య కూడా జరుపుతాయన్నమాట. ఆ తర్వాత కణద్రవంలోని అకోనిటేజే క్లస్టర్ పోగొట్టుకున్నప్పుడు ఆర్ఎన్ఏకి అతుక్కుని ఇనుము నిల్వను నియంత్రిస్తుందని బయటపడింది. ఒక్క క్లస్టర్‌ను పట్టుకుని వెళితే జీన్ రెగ్యులేషన్ దాకా వెళ్లారు! 80 దాటాక కూడా ఆయన ‘సైన్స్’ అనే పత్రికలో రివ్యూ రాశారు.

ఇప్పుడు పని మిగలలేదేమో అని భయం ఉంటే ఇది చదవండి: కరోనా వైరస్ ఆర్ఎన్ఏ పాలిమరేజ్ (వైరస్ ఆర్ఎన్ఏకి కాపీలు తీసే ఎంజైము) నిర్మాణాల్లో జింక్ ఉన్నట్టు చూపిన చోట ఐరన్-సల్ఫర్ క్లస్టర్లు కూర్చోగలవని శాస్త్రవేత్త ట్రేసీ రువో బృందం 2021లో చూపించింది. గాలిలో శుద్ధి చేసిన ప్రొటీన్‌ను నమ్మకూడదని మా అందరికీ పాఠంగా చెప్పేది సరిగ్గా ఇదే. ఇంకా ఎన్ని ప్రొటీన్లలో ఇలా జింక్ అని రాసి ఉందో, నిజంగా ఆలోచించదగ్గ ప్రశ్న.

ఉద్యోగం మాటకొస్తే, ఇండస్ట్రీలో ఐరన్-సల్ఫర్ అని ఎవరూ అడగరు, కానీ కష్టమైన ప్రొటీన్‌ను శుద్ధి చేసే చెయ్యి, స్పెక్ట్రమ్ చదివే కన్ను ఉన్నవాళ్లు తక్కువ, అవి ఈ పనిలో వస్తాయి. చేరేముందు గైడ్‌ని సూటిగా అడగండి: గ్లవ్ బాక్స్ సొంతమా, ఈపీఆర్ టైమ్ ఎక్కడ దొరుకుతుంది, హీలియం ఖర్చు ఏ ప్రాజెక్టు నుంచి వస్తుంది? ప్రొటీన్లన్నీ మామూలు బెంచ్ మీదే తీస్తారంటే మాత్రం ఇంకో ల్యాబ్ చూసుకోండి.