రొయ్యల చెరువును అడగని గ్యారంటీ

ప్రశ్న: మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరండీ. కొబ్బరి తోట, రెండు రొయ్యల చెరువులు ఉన్నాయి. మావాడు రాజమండ్రి హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో ఏడాది ఎంపీసీ చదువుతున్నాడు. దసరాకి ఇంటికొచ్చి, జేఈఈ రాయను, వీడియో గేమ్ డిజైనర్ అవుతాను అన్నాడు. వారెన్ స్పెక్టర్ అని ఎవరో అమెరికా ఆయనట. ఆయన ఆటల్లో ఏం చేయాలో ఆడేవాళ్ళే తేల్చుకుంటారట. ఫిజిక్స్ రఫ్ నోట్సు నిండా గీతలే గీశాడు. ఫోటో పంపుతున్నాను, మీరే చూడండి. మా తోడల్లుడి కొడుకు ఈ ఏడాదే సీఎస్ఈలో చేరాడు. బీటెక్ మంచిదా, డిజైన్ కోర్సు మంచిదా? ఉద్యోగం గ్యారంటీగా వస్తుందా?

జవాబు: ఫోటో మూడుసార్లు చూశానండీ. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఈ ఉత్తరం నాకు కొత్త కాదు. ఊరు మారుతుంది, కోర్సు పేరు మారుతుంది. ఒకప్పుడు యానిమేషన్, నిన్నటిదాకా డేటా సైన్స్, ఇప్పుడు గేమ్ డిజైన్. చివర్లో తోడల్లుడి కొడుకో, బావమరిది కూతురో మాత్రం తప్పకుండా ఉంటారు. మీరు అడిగింది కోర్సుల గురించి. మీకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం, రేపు ఏ పెళ్ళిలోనో భోజనాల దగ్గర "మీవాడేం చేస్తున్నాడండీ" అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలన్నది. అవునా, కాదా?

ముందు ఒక అపోహ తీసేద్దాం. మీవాడు అంటున్నది రాత్రంతా ఫోన్లో కాల్చుకునే ఆటలు ఆడతానని కాదు. రమ్మీ లాంటిదీ కాదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. ఆ భయం మనసులో ఉంటే పక్కన పెట్టండి. వాడు చేస్తానంటున్నది ఆటను తయారు చేసే పని.

అదేం పనో మీ చెరువు గట్టు మీద నిలబడి చెబుతాను. రొయ్య 60 కౌంట్‌కి వచ్చింది, అంటే కిలోకి అరవై తూగుతున్నాయి. ఇప్పుడే పట్టుబడి చేస్తే ఒక రేటు. ఇంకొన్నాళ్ళు ఆగితే 50 కౌంట్‌కి వస్తుంది, రేటు పెరుగుతుంది. ఈలోగా పక్క చెరువులో వైట్ స్పాట్ తెగులు వచ్చిందని కబురు. రాత్రి కరెంటు పోతే నీళ్ళకు గాలి అందించే ఏరియేటర్లు ఆగిపోతాయి, జనరేటర్‌కి డీజిల్ పోయాలి. పట్టేద్దామా, ఆగుదామా? రెండింటికీ కారణాలున్నాయి. ఏది చేసినా ఆ ఫలితం మీరే అనుభవించాలి. "ఆగవయ్యా" అన్న మేత షాపాయన మాత్రం అనుభవించడు.

ఇలాంటి ఇరకాటాన్ని ఆటలో కల్పించడమే స్పెక్టర్ పని. ఆయన ఆధ్వర్యంలో 2000లో వచ్చిన డియస్ ఎక్స్ అనే ఆటలో తాళం వేసిన తలుపు ఎదురైతే దాన్ని పగలగొట్టొచ్చు, తాళం తీసే పనిముట్టు వాడొచ్చు, కోడ్ ఎక్కడుందో వెతకొచ్చు, లేదా ఇంకో దారిన దూరిపోవచ్చు. కాపలావాళ్ళను చంపొచ్చు, కంటపడకుండా పక్కనుంచి జారుకోవచ్చు. మీరు ఎలా నడుచుకున్నారో గుర్తుపెట్టుకుని, ఆ తర్వాత మీతో మాట తీరు మార్చే మనుషులు కూడా అందులో ఉంటారు. ఇవాళ ఇదేమంత గొప్ప అనిపించవచ్చు. పాతికేళ్ళ కిందట చాలా ఆటల్లో డిజైనర్ వేసిన దారినే పోవాలి.

ఇప్పుడు ఆయన జీవితం. మీవాడు మీకు ఇందులో సగమే చెప్పి ఉంటాడు. స్పెక్టర్ గేమ్ డిజైన్ కోర్సు చదవలేదు. టెక్సస్ యూనివర్సిటీలో సినిమా, టీవీ సబ్జెక్టులో ఎంఏ చేశాడు. 1980లలో బల్ల మీద కాగితాలు, పాచికలతో ఆడే ఆటల కంపెనీల్లో పనిచేసి, 1989లో కంప్యూటర్ ఆటల్లోకి వచ్చాడు. డియస్ ఎక్స్ లాంటి ఆట ఆలోచన వేరే కంపెనీలో ఉన్నప్పుడే వచ్చినా అక్కడ ముందుకు సాగలేదు. ఆ ఆట తీసిన స్టూడియో, ఆయన బయటికొచ్చిన మరుసటేడు, 2005లో మూతపడింది. తర్వాత ఆయన పెట్టిన స్టూడియోను డిస్నీ కొనుక్కుంది, 2013 జనవరిలో మూసేసింది. ఆపైన కొన్నాళ్ళు యూనివర్సిటీలో పాఠాలు చెప్పాడు. మళ్ళీ ఆటల్లోకే వచ్చాడు.

అంటే ఆ రంగంలో పేరు మోసిన మనిషికే నిలకడ లేదు. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ తన ఆటల విభాగంలో ఒక్కసారే 1900 మందిని తీసేసింది. నేను దాచను.

నాకున్న అసలు అనుమానాలు వేరే. మన దేశంలో ఈ రంగంలో కొత్తగా చేరేవాళ్ళకు దొరికే పని ఎక్కువగా విదేశీ ఆటలకు బొమ్మలు చేసిపెట్టడం, టెస్టింగ్, కోడింగ్. డిజైనర్ అన్న సీట్లు తక్కువ. ఫోన్ ఆటల కంపెనీలో ఆ సీటు దొరికినా, మూడో లెవెల్లో ఎన్ని నాణేలు ఇవ్వాలి, ప్రకటన ఎప్పుడు వేయాలి అని ఎక్సెల్ షీటు ముందు కూర్చోవడంతోనే చాలా రోజులు గడిచిపోతాయి. మీవాడు కలగంటున్న రకం పెద్ద ఆటలు ఇక్కడ తయారయ్యేది చాలా అరుదు. పుణె నుంచి ఒక చిన్న బృందం 2020లో రాజీ అనే ఆట తెచ్చింది. మంచి పేరొచ్చింది. దానికోసం వాళ్ళు పడిన తిప్పలు చూస్తే, మీరు సాగు చేసే రొయ్యే సులువనిపిస్తుంది.

ఇక "ఏడాదిలో గేమ్ డిజైనర్, 100 శాతం ప్లేస్‌మెంట్" అని లక్షలు అడిగే డిప్లొమాలు. దయచేసి వాటిలో రూపాయి కూడా పెట్టకండి. అలాంటి ఒక చోట చేరిన అమ్మాయి రెండేళ్ళ తర్వాత నా దగ్గరికి వచ్చింది. చేతిలో సర్టిఫికెట్ ఉంది, తను పూర్తి చేసిన ఆట ఒక్కటీ లేదు. ఈ రంగంలో ఉద్యోగమిచ్చేవాడు ముందు అడిగేదే "ఏం చేశావు, చూపించు" అని. ఆ పిల్ల ఏడుస్తుంటే నాకు మాట రాలేదు.

మీమీద ఇంకో మాట అనాలి, ఏమీ అనుకోకండి. పోనీ, అనుకున్నా ఫర్వాలేదు. చెరువులో రొయ్యపిల్ల వదిలే రోజున గ్యారంటీ ఎవరిచ్చారండీ మీకు? హ్యాచరీవాడు ఇచ్చాడా? బ్యాంకువాడు ఇచ్చాడా? ఒక పంట పోతే రెండో పంట వేశారు కదా. ఆ ధైర్యం మీ దగ్గర ఉంది, పదిహేడేళ్ళ పిల్లాడిని మాత్రం రాసిచ్చిన హామీ అడుగుతున్నారు. బీటెక్ సీఎస్ఈకి మాత్రం ఆ హామీ ఎవరు ఇస్తున్నారు? మీ మండలంలోనే సీఎస్ఈ చేసి ఖాళీగా ఉన్నవాళ్ళను లెక్కపెట్టి చూడండి, రెండు చేతుల వేళ్ళూ చాలవు.

సరే, ఫోటో. మీరు దాన్ని నేరానికి సాక్ష్యంగా పంపారు. పైన మూలన "ధవళేశ్వరం 11.75" అని రాసి ఉంది, చూశారా? అక్కడ గోదావరి వరదకి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చే అడుగులు. దాని కింద రెండోది 13.75, ఆ కింద మూడోది 17.75. పక్కన లంక బొమ్మ, ఒక నావ. "మూడు ట్రిప్పులే" అని గుండ్రంగా చుట్టాడు. గేదె, దింపు తీసిన కొబ్బరికాయల కుప్ప, టీవీ, నాయనమ్మ. వరదలో ముందు ఎవర్ని, దేన్ని దాటించాలన్నదే ఆట. బాణం గుర్తులు అడ్డదిడ్డంగా ఉన్నా లెక్క సరిగ్గానే ఉంది. గేదెను వదిలేస్తే నాయనమ్మ నావ ఎక్కదు. కాయలు వదిలేస్తే ఆర్నెల్ల తర్వాత ఫీజు దగ్గర ఇబ్బంది. ఒక బాణాన్ని కొట్టేసి మార్జిన్లో "ఇలాగైతే అందరూ ఒకటే చేస్తారు, మార్చాలి" అని రాసుకున్నాడు. ఆ ఒక్క వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ఆటలు ఆడే పిల్లలు నాకు రోజూ కనిపిస్తారు. అలాంటి వాక్యం రాసుకునే పిల్లాడు ఎప్పుడో గానీ కనిపించడు.

బీటెక్కా, డిజైనా అన్నారు. క్లుప్తంగా చెబుతాను, పరీక్షల తేదీలు, సిలబస్సు మీవాడికి నాకంటే బాగా తెలుసు. డిజైన్ ప్రవేశ పరీక్ష యూసీడ్ రాసి ఐఐటీ హైదరాబాద్ లాంటి చోట బీడిజైన్ డిగ్రీలో సీటు వస్తే చేర్చండి, ఆలోచించకండి. లేదంటే దగ్గర్లో ఒక మోస్తరు కాలేజీలో సీఎస్ఈ చాలు. కోడింగ్ వస్తే ఆటలు కుదరకపోయినా ఇంకో పని దొరుకుతుంది. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్ఐడీ) బెంగళూరులో ఆటల డిజైన్ ఎండిజైన్ అనే పీజీ కోర్సుగా ఉంది, బీటెక్ తర్వాత కూడా దానికి రాయొచ్చు. కాబట్టి జేఈఈ రాయనని మొండికేస్తే మాత్రం నేను మీవైపే. ఇంత చదివాడు, రాసేయమనండి.

షరతు ఒకటే. పరీక్షలయ్యాక వేసవిలో ఆ లంక ఆటను వాడు పూర్తి చేయాలి. ట్వైన్ అని ఉచితంగా దొరికే సాధనం ఉంది, ఇలా దారులు చీలే కథలకు అది చాలు, తెలుగులోనే రాయొచ్చు. పూర్తి చేశాడా, నాకు మళ్ళీ రాయండి, ముందుకు మాట్లాడదాం. సగంలో వదిలేశాడా, దాని గురించి అప్పుడు మాట్లాడదాం.

ఈలోగా సంక్రాంతికి ఇంటికొస్తాడు కదా. కోడిపందాలకు బయల్దేరే ముందు ఒక అరగంట ఆ కాగితం ముందేసుకుని మీరే ఆడండి. నావలోకి ముందు ఎవర్ని ఎక్కించారో చూడాలనుంది నాకు. ఆ నాయనమ్మ మీ అమ్మగారే కదూ?