కలివికోడి, గన్నేరు చిమ్మట: యువ రచయిత్రికి లేఖ

తిరుపతి

చిరంజీవికి ఆశీస్సులు.

చిత్తూరు నుంచి నువ్వు పంపిన వ్యాసం చదివాను. కలివికోడి అనే పక్షినీ, గన్నేరు చిమ్మట అనే రాత్రి సీతాకోకచిలుకనూ పక్కపక్కన పెట్టాలన్న ఆలోచన నచ్చింది గానీ, పక్షి వచ్చిన ప్రతిచోటా ‘అరుదైన’ అనీ, చిమ్మట వచ్చినప్పుడల్లా ‘సామాన్యమైన’ అనీ రాసి ఊరుకున్నావు. అరుదుతనం ఒంటి రంగులాంటిది కాదమ్మా. ఆ ప్రాణి ఎక్కడ బతకగలదన్న దాన్ని బట్టి వచ్చేది.

అందుకే రెండింటినీ ఒకే ప్రశ్న అడుగు: రాత్రి తిరిగే ఈ ప్రాణి ఉన్నట్టు మనకు ఎలా తెలుస్తుంది? 1848లో శాస్త్రలోకానికి పరిచయమైన కలివికోడి 1900 తర్వాత కనబడక, అంతరించిందనే అనుకుంటుండగా, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ సాగించిన అన్వేషణలో, 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే స్థానిక వేటగాడి చేతికి చిక్కింది. ఆ తర్వాతి పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పరచి, తెల్లవారాక అందులో మూడు వేళ్ల అడుగుజాడల కోసం వెతికారు. పొద్దు గుంకాక కాసేపే వినిపించే కూత కోసం చెవులు రిక్కించారు. నీ వ్యాసంలో ఆ మట్టి లేదు, ‘రహస్య విహంగం’ ఉంది. దాన్ని కొట్టేయి.

చిమ్మటకు ఇంత శ్రమ అక్కర్లేదు. నందివర్ధనం కింద గచ్చు మీద నల్లటి పెంటికలు రాలి ఉంటే తలెత్తి చూడు: ఆకుపచ్చ గొంగళి, తల వెనుక కళ్లను పోలిన రెండు నీలి మచ్చలు, తోక దగ్గర పొట్టి కొమ్ము. మనకు విషమైన గన్నేరాకు దానికి తిండి. పెద్దదయ్యాక పచ్చా గులాబీ కలిసిన రెక్కలతో చీకట్లో పూల ముందు గాలిలోనే నిలిచి తేనె పీలుస్తుంది. (ఈ భాగం నువ్వు రెండు వాక్యాల్లో దాటేశావు, పక్షి మీద జాలి ఎక్కువై కాబోలు.)

అసలు పోలిక ఇక్కడుంది. గన్నేరూ నందివర్ధనమూ మనం ఇంటింటా నాటుతున్నాం, చిమ్మటకు చోటు పెరుగుతోంది. కలివికోడికి కావలసింది మరీ దట్టమూ మరీ బయలూ కాని ముళ్లపొదల నేల. దాన్ని పనికిరాని భూమిగా లెక్కగట్టి, కాలువలకూ తోటలకూ చదును చేస్తాం.

శేషాచలంలో కలివికోడి తిరుగుతోందన్న వాక్యం తీసెయ్యి. 1986 తర్వాతి గట్టి ఆధారాలు కడప జిల్లాలోని లంకమల కొండల చుట్టుపక్కలవి. సవరించిన ప్రతిలో చిమ్మటను ముందు పెట్టి పంపు.