300 ఎస్‌యూఎస్ అంటే వీజీ 68 అనుకోవచ్చా? సెంటీస్టోక్స్‌లోకి మార్చే లెక్క

మీరు అడిగింది ఇదీ: అంబాజీపేట దగ్గర కొబ్బరి పీచు బేళ్లు కట్టే పాత హైడ్రాలిక్ ప్రెస్సు. దాని పుస్తకంలో ఆయిలు "300 ఎస్‌యూఎస్, 100 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర" అని రాసుంది. కొట్లో ఉన్నవి వీజీ 46, వీజీ 68 (వీజీ అంటే ఆయిలు చిక్కదనం గ్రేడు). ఏది పోయాలి, ఎలా మార్చాలి?

68 పోయండి. అయితే 300 సెకన్లకి 65 సెంటీస్టోక్స్ (ఇదీ చిక్కదనం కొలతే, వీజీ అంకె ఇందులోనే ఉంటుంది) వచ్చింది గనక 68 సరిపోయిందనుకుంటే లెక్క సగంలోనే ఆగినట్టు.

ఎస్‌యూఎస్ అంటే 60 మిల్లీలీటర్ల ఆయిలు సేబోల్ట్ గొట్టం అడుగు కంత లోంచి కారడానికి పట్టే సెకన్లు. కొన్ని పుస్తకాల్లో ఎస్‌ఎస్‌యూ అని రాస్తారు, రెండూ ఒకటే. సేబోల్ట్ ఫ్యూరాల్ మాత్రం వేరండి, దాని కంత పెద్దది. అక్కడి ఒక సెకను సుమారు పది ఎస్‌యూఎస్‌లకి సమానం. కాబట్టి "సేబోల్ట్" అన్న మాట చూసి ఆగిపోకండి.

100 సెకన్లు దాటితే, సెకన్లని 0.220తో గుణించి, అందులోంచి 135ని సెకన్లతో భాగిస్తే వచ్చినది తీసెయ్యాలి. 300కి 66లోంచి 0.45 పోతే 65.55 సెంటీస్టోక్స్. 32 నుంచి 100 సెకన్ల లోపయితే 0.220 బదులు 0.226, 135 బదులు 195. పల్చటి ద్రవం వేగంగా కారేటప్పుడు, దాని ఎత్తు ఇచ్చే బలంలో కొంత ఆ వేగానికే ఖర్చయిపోతుంది. ఆ తీసివేత అందుకే. ఆ తీసివేత వదిలేసి, 36 సెకన్ల డీజిల్‌ని అడ్డదారిలో 4.6తో భాగించేస్తే 7.8 వస్తుంది. సూత్రంతో వచ్చేది 2.7. డీజిల్ ప్రమాణం 40 సెల్సియస్ దగ్గర 2.0 నుంచి 4.5 వరకు, కాబట్టి 7.8 చూసి మంచి డీజిల్‌నే కల్తీ అనుకునే ప్రమాదం ఉంది.

ఇక ఎక్కువమంది దాటేసే మెట్టు ఉష్ణోగ్రత. 100 ఫారన్‌హీట్ అంటే 37.8 సెల్సియస్. వీజీ అంకె 40 సెల్సియస్ దగ్గరది. తేడా రెండు డిగ్రీల పైచిలుకే అయినా ఈ రకం ఆయిల్లో ఒక్కో డిగ్రీకి చిక్కదనం ఇంచుమించు 5 శాతం మారుతుంది. మీ 65.55 కాస్తా 40 దగ్గర 59కి దిగుతుంది. వీజీ అంకెకి అటూ ఇటూ పది శాతం వరకు ఒప్పుకుంటారు. వీజీ 46 అంటే 41.4 నుంచి 50.6, వీజీ 68 అంటే 61.2 నుంచి 74.8. మీ పాత ఆయిలు ఆ రెంటి మధ్య ఖాళీలో పడింది!

అందుకే పని చేసే వేడి చూసుకోవాలి. వేసవి మధ్యాహ్నం రేకుల షెడ్డులో ట్యాంకు ఆయిలు 60కి చేరితే, మామూలు వీజీ 68 సుమారు 29 సెంటీస్టోక్స్ ఉంటుంది, వీజీ 46 ఇరవై దగ్గరికి పడిపోతుంది. పల్చబడితే పంపు లోపలే ఆయిలు వెనక్కి జారిపోయి, బేలు మీద ప్రెషర్ నిలవదు. 68కి ఉన్న ఇబ్బంది జనవరి తెల్లవారుజామున. 20 డిగ్రీల దగ్గర అది 215 దాకా చిక్కబడుతుంది. పంపు కూత పెడితే లోడు పెట్టకుండా పది నిమిషాలు తిప్పండి.

ఒక ఉష్ణోగ్రత నుంచి ఇంకోదానికి మార్చాలంటే డబ్బా వివరాల పత్రంలో 40 దగ్గరా 100 దగ్గరా ఇచ్చే రెండు అంకెలూ కావాలి. సెల్సియస్‌కి 273.15 కలిపి లాగ్ తీయండి. సెంటీస్టోక్స్‌కి 0.7 కలిపి, లాగ్ తీసి, దానికి మళ్లీ లాగ్ తీయండి. మొదటిది అడ్డంగా, రెండోది నిలువుగా తీసుకుని, 40 దగ్గరిదీ 100 దగ్గరిదీ రెండు బిందువులు గ్రాఫు మీద పెట్టి కలిపితే తిన్నని గీత వస్తుంది. మీకు కావలసిన ఉష్ణోగ్రత దగ్గర ఆ గీత మీద అంకె చదివి, లాగ్‌లు రెండూ విప్పి, 0.7 తీసెయ్యండి. పైన 68కి చెప్పిన అంకెలు 100 డిగ్రీల దగ్గర 8.7 సెంటీస్టోక్స్ ఉన్న ఆయిలుతో ఇలా వేసినవే.

పంపు లెక్కల్లో చిక్కదనాన్ని సెకనుకి చదరపు మీటర్లలో అడిగితే తప్పు సున్నాల దగ్గర జరుగుతుంది. సెంటీస్టోక్ అంటే సెకనుకి ఒక చదరపు మిల్లీమీటరు. మీటరు చదరం పలకలో అడ్డంగా వెయ్యి, నిలువుగా వెయ్యి మిల్లీమీటర్లు, మొత్తం పది లక్షల గళ్లు. కాబట్టి వెయ్యితో కాదు, పది లక్షలతో భాగించాలి: 68 సెంటీస్టోక్స్ అంటే సెకనుకి 0.000068 చదరపు మీటర్లు. అమెరికా పత్రాల్లో సెకనుకి చదరపు అడుగులుంటే 92,903తో గుణిస్తే సెంటీస్టోక్స్.

పాత ఇంగ్లండు ఇంజిన్ల పుస్తకాల్లో సేబోల్ట్ లాంటివే రెడ్‌వుడ్ నంబర్ 1 సెకన్లుంటాయి. 100 దాటితే 0.247తో గుణించి, 50ని సెకన్లతో భాగించింది తీసెయ్యండి. 200 సెకన్లకి 49.15. అదీ ఆ పుస్తకం చెప్పిన ఉష్ణోగ్రత దగ్గరే, తరచుగా 140 ఫారన్‌హీట్, అంటే 60 సెల్సియస్. ఎంగ్లర్ డిగ్రీలైతే (ఇవి వేడివి కావు, చిక్కదనానివే) 7.31తో గుణించి, 6.31ని ఆ డిగ్రీలతో భాగించింది తీసెయ్యాలి. సెంటీపాయిజ్ ఈ కోవలోది కాదు, దాన్ని సాంద్రతతో భాగిస్తేనే సెంటీస్టోక్స్. నీళ్లకి రెండూ ఇంచుమించు ఒకటే అంకె కావడంతో చాలామంది ఇక్కడ పొరబడతారు. 0.87 సాంద్రత ఉన్న 68 ఆయిలు 59 సెంటీపాయిజ్.

పోసే ముందు ఒక పరీక్ష. ఒకే రకం సన్నని గాజు సీసాలు రెండు తీసుకుని, ట్యాంకులోని పాత ఆయిలు ఒకదాన్లో, కొత్తది ఇంకోదాన్లో, మెడ దగ్గర సమానంగా గాలి వదిలి మూత బిగించండి. బకెట్ నీళ్లలో అరగంట ఉంచి, ఒకేసారి తలకిందులు చెయ్యండి. బుడగ నెమ్మదిగా ఎక్కిన ఆయిలే చిక్కటిది. పాతది చల్లలా తెల్లబడి ఉంటే మాత్రం ఈ పోలిక పనికిరాదు, నీళ్లు కలిసిన ఆయిలు ఉన్నదానికన్నా చిక్కగా కనబడుతుంది. వానాకాలం మన గాలికి ట్యాంకు బ్రీదర్ (ట్యాంకుకి గాలి ఆడే మూత) లోంచి తడి చేరుతుంది. ముందు బ్రీదర్, సీళ్లు చూసి, ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి తుడిచాకే 68 పోయండి.