ముందు మూడు ఏజెంట్లతో కాగితం మీద

చిరంజీవికి ఆశీస్సులు.

వేర్వేరు ఏజెంట్ల (సొంతంగా నిర్ణయించుకుని, సందేశాలతో మాట్లాడుకునే ప్రోగ్రాముల) చేతుల్లో పంచి ఉన్న నిబంధనల సమస్యల మీదే, అంటే నిబంధనలన్నీ కుదిరేలా ఒక్కొక్కటి ఒక విలువ ఎంచుకోవలసిన సమస్యల మీదే, పరిశోధన చేస్తానని రాశావు. చాలా సంతోషించాను. అయితే అప్పుడే యాభై ఏజెంట్లతో ప్రోగ్రాము మొదలుపెట్టానన్నావు, దాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టు నాయనా. ముందు అసింక్రనస్ బ్యాక్‌ట్రాకింగ్‌ను కాగితం మీద నడిపి చూడు. మకోటో యోకో, డర్ఫీ, ఇషిదా, కువబారా 1992లో ప్రతిపాదించిన పద్ధతి అది. ఏజెంట్లు ఒకదానికోసం ఒకటి ఆగకుండా విలువలు ఎంచుకుంటాయి, కుదరకపోతే వెనక్కి వచ్చి మార్చుకుంటాయి. తర్వాత వచ్చినవి చాలావరకు దాన్ని ఆధారం చేసుకున్నవే.

మూడు ఏజెంట్లు అనుకో. ఒక్కొక్కటి ఒక రంగు ఎంచుకోవాలి. మొదటిదానికి ఎరుపు, నీలం ఉన్నాయి. రెండోదానికి పచ్చ ఒక్కటే. మూడోదానికి ఎరుపు, పచ్చ. మూడోదాని రంగు మిగతా రెండింటిలో దేనితోనూ కలవకూడదు. మొదటిదానికీ రెండోదానికీ మధ్య నిబంధనే లేదు. ప్రాధాన్యం కూడా ఇదే వరుస. మొదటిది ఎరుపు, రెండోది పచ్చ తీసుకుని ఆ సంగతి మూడోదానికి చెప్పాయి. దానికి దారి మూసుకుపోయింది. ‘మొదటిది ఎరుపు, రెండోది పచ్చ అయితే కుదరదు’ అనే నోగుడ్ (కలిసి కుదరని విలువల జాబితా) తయారుచేసి, ఆ రెండింటిలో తక్కువ ప్రాధాన్యం ఉన్న రెండోదానికి పంపుతుంది.

ఇక్కడ ఆగి చూడు. మొదటి ఏజెంటు విలువ, అంటే రంగు, ఏమిటో రెండోదానికి ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. ‘నీ విలువ మారినప్పుడల్లా నాకూ తెలియజెయ్యి’ అని రెండోది మొదటిదాన్ని కొత్త లంకె అడగాలి. ప్రోగ్రాము రాసేటప్పుడు తప్పిపోయేది ఈ లంకెనే. తన దగ్గర మరో రంగు లేదు కనుక, ‘మొదటిది ఎరుపు అయితే కుదరదు’ అని రెండోది పైకి పంపుతుంది. మొదటిది నీలానికి మారుతుంది, మూడోది ఎరుపు తీసుకుంటుంది.

ఇప్పుడు అదే కథను సందేశాలు ఆలస్యమైనట్టు మళ్లీ రాయి. మొదటిది నీలానికి మారాక, ఎరుపును తప్పుపట్టే పాత నోగుడ్ ఇంకొకటి వచ్చిందనుకో. అందులోని విలువలు తనకిప్పుడు తెలిసిన విలువలతో సరిపోవు కనుక దాన్ని పట్టించుకోకూడదు. ఈ తనిఖీ లేని ప్రోగ్రాము చిన్న సమస్యల్లో బాగానే నడిచి, పెద్దవాటిలో సరైన విలువలనే కొట్టేస్తుంది. నీ సిమ్యులేటర్‌లో ఆలస్యాలు యాదృచ్ఛికంగా ఉండాలి. అయితే ఒక జత ఏజెంట్ల మధ్య సందేశాల వరుస మాత్రం తప్పకూడదు, ఈ పద్ధతి ఆ హామీని కోరుతుంది.

సమాధానం లేదని తేలితే ఖాళీ నోగుడ్, అంటే ఏ విలువలతోనూ కుదరదనేది, పుడుతుంది. సమాధానం దొరికినప్పుడు మాత్రం ఎవరూ ప్రకటించరు, సందేశాలు ఆగిపోతాయి, అంతే. ఆ నిశ్శబ్దాన్ని కనిపెట్టడానికి చాండీ, లాంపోర్ట్ 1985లో ఇచ్చిన స్నాప్‌షాట్ పద్ధతి వాడు, అది పని ఆపకుండానే వ్యవస్థ మొత్తం స్థితిని నమోదు చేస్తుంది. అన్ని ఏజెంట్లలోకీ తొంగిచూసే ఒక ఫంక్షను రాసి పని కానిచ్చుకుంటే, పంచిన సమస్యను మళ్లీ ఒక్కచోటికి చేర్చినట్టే.

ఏ పద్ధతి ఎంచుకోవాలని అడిగావు. ‘సమాధానం లేదు’ అన్న జవాబు నీకు అవసరమా అన్నది ముందు తేల్చుకో. అవసరం లేకపోతే 1996 నాటి డిస్ట్రిబ్యూటెడ్ బ్రేక్‌అవుట్ తేలిక. ఇరుక్కున్నచోట నిబంధనల బరువు పెంచుకుంటూ పోతుంది, కానీ అసాధ్యాన్ని నిరూపించలేదు. వీక్ కమిట్‌మెంట్ పద్ధతిలో దారి మూసుకుపోయిన ఏజెంటు తన ప్రాధాన్యాన్ని పెంచుకుంటుంది. చాలా సమస్యల్లో వేగంగా తేలుస్తుంది, కానీ కచ్చితత్వం కోసం పుట్టిన నోగుడ్‌లన్నీ దాచాలి, అవి విపరీతంగా పెరగవచ్చు.

గడియారం చూసి వేగం కొలవకు. సందేశాల సంఖ్య, ఒకదాని కోసం మరొకటి ఆగక తప్పని నిబంధన తనిఖీల సంఖ్య, ఈ రెండూ ఇవ్వు.

సమావేశాల సమయం కుదిర్చే ఉదాహరణ తీసుకుంటానన్నావు కదా. ఎవరి రహస్యాలూ బయటపడవని థీసిస్‌లో ఊరికే రాసెయ్యకు. ‘మంగళవారం కుదరదు’ అనే ఒక్క నోగుడ్ కూడా ఎదుటివారికి ఎంతో కొంత చెబుతుంది. ప్రోగ్రాము నడిచి ముగిశాక ఒక్కో ఏజెంటు దగ్గర పోగైన నోగుడ్‌ల నుంచి పక్కవారి క్యాలెండరును ఎంతవరకు ఊహించవచ్చో లెక్కగట్టి, ఆ పట్టిక కూడా జతచెయ్యి.

ఆశీస్సులతో,
మాస్టారు