చదరంగం సందేహాలు: ఎగిరే పావులకు కళ్లెం ఎక్కడ?

ప్ర: మా అపార్ట్‌మెంట్ పిల్లలు మామూలు గుర్రాలు తీసేసి వాటి గడుల్లో నైట్‌రైడర్లు పెట్టి ఆడుతున్నారు. ఒకడు ఒకే ఎత్తులో మూడు గంతులు వేసి, మధ్యలో మలుపు కూడా తిరిగాడు. చెల్లుతుందా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జ: మూడు గంతులు చెల్లుతాయండీ, మలుపు చెల్లదు. ఈ పావును 1925లో ఇంగ్లండ్‌కు చెందిన టి.ఆర్. డాసన్ చదరంగ సమస్యల కోసం తెచ్చాడు. మామూలు గుర్రం వేసే గంతునే, అదే దిక్కున, ఎన్నిసార్లయినా వేయవచ్చు. బి1 (ఎడమ నుంచి రెండో నిలువు వరసలో, తెల్లవాళ్ల వైపు నుంచి మొదటి గడి) నుంచి సి3, డి5, ఇ7 అన్నీ ఒకే వరస. సి3 దాకా వచ్చి ఇ4 వైపు తిరగాలంటే అది ఇంకో ఎత్తు. కాలు మోపే ప్రతి గడీ ఖాళీగా ఉండాలి. అక్కడ శత్రువు పావుంటే దాన్ని కొట్టి ఆగిపోవాలి, మన పావుంటే దాని ముందు గంతుతోనే సరి. గంతుకూ గంతుకూ మధ్య గడుల్లో ఎవరున్నా పట్టింపు లేదు. పిల్లల గొడవంతా సాధారణంగా ఇక్కడే: 'ఎగిరే పావు కదా' అని కాలు మోపే గడిని కూడా దాటించేస్తారు.

ఇంకో ప్రమాదం చెప్పాలి. తెల్లవాళ్లు మొదటి ఎత్తులో బి1 నుంచి ఎ3కి, రెండో ఎత్తులో అక్కణ్ణుంచి సి4కి వస్తే చూడండి. సి4–డి6–ఇ8 వరసలో రాజుకు చెక్, సి4–బి6–ఎ8 వరసలో ఏనుగుకు ముప్పు. డి7 బంటును డి6లో అడ్డం పెడితే రాజు బతుకుతాడు, ఏనుగు పోతుంది. అందుకని నల్లవాళ్లు ఎ3 ఎత్తు చూడగానే డి7 బంటును డి5కి తోయాలి. సి4 ఇక ఆ బంటు దెబ్బలో ఉంటుంది. ఇది తెలియని పిల్లాడు మూడు ఆటలు వరసగా ఓడి బల్ల తిరగేస్తాడు, తప్పు వాడిది కాదు.

ప్ర: తెల్ల మిడత ఎ1లో, తెల్ల బంటు ఎ7లో, నల్ల రాజు ఎ8లో ఉన్నాయి. మిడత చెక్ ఇస్తోంది. నల్ల ఏనుగు బి7 నుంచి వచ్చి ఎ7 బంటును కొట్టేసింది. చెక్ తప్పినట్టేనా?
– తార్నాక నుంచి ఒక పాఠకుడు

జ: తప్పలేదు! మిడత మంత్రి నడిచే ఎనిమిది దిక్కుల్లోనూ పోతుంది కానీ, దారిలో తగిలిన మొదటి పావును దాటి సరిగ్గా దాని పక్క గడిలోనే దిగాలి. దాటే పావు ఏ రంగుదైనా ఫరవాలేదు. బంటు పోయి ఆ చోట ఏనుగు నిలబడింది, అంతే. మిడత ఇప్పుడు ఏనుగును దాటి ఎ8లో దిగుతుంది. కాబట్టి మీరన్న ఎత్తు అసలు వేయడానికే లేదు.

అదే ఎ7 బంటును రాజే కొడితే చెక్ పోతుంది, ఆ గడిని వేరే తెల్ల పావు కాయకపోతే. రాజు పక్క గడికి తప్పుకోవచ్చు. లేదా దారిలో ఇంకో పావును పెట్టవచ్చు: ఎ3లో పెడితే మిడత దాన్ని దాటి ఎ4లో దిగాలి, ఎ8 దాకా పోలేదు. అడ్డుపెట్టి చెక్ తప్పించడం మామూలే, అడ్డు తీసి తప్పించడమే మిడతతో వచ్చిన కొత్త వింత. ఎ7లో ఉన్నది నల్లవాళ్ల పావే అయితే దాన్ని పక్కకు జరిపినా చాలు.

బల్ల ఖాళీ అయ్యేకొద్దీ మిడత చచ్చుబడిపోతుంది. దాటడానికి ఎవరూ లేకపోతే కదలనే లేదు. చివరికి రాజు, మిడత ఒకవైపు, ఒంటరి రాజు ఒకవైపు మిగిలితే ఆట కట్టు మాట అటుంచి, చెక్ కూడా పడదు. మిడత దాటి చెక్ ఇవ్వాలంటే అవతలి రాజు పక్కన ఆనుకుని నిలబడాల్సింది మన రాజే, అలా నిలబడ్డానికి లేదు. కనుక మిడతకు ఒంటెనో గుర్రాన్నో ఇచ్చుకోకండి.

ప్ర: సెయిరావాన్ చెస్‌లో డేగను మొదట ఏ గడిలో పెట్టాలి?
– ఉప్పల్ పాఠకుడు

జ: ఎక్కడా పెట్టరు, చేతిలో ఉంచుకుంటారు. యాసర్ సెయిరావాన్, బ్రూస్ హార్పర్ 2007లో తెచ్చిన ఈ ఆటలో డేగ అంటే ఒంటె, గుర్రం కలిసిన పావు. ఏనుగు, గుర్రం కలిసిన ఇంకోదానికి వాళ్లు పెట్టిన పేరు ఏనుగు. మనకు ఏనుగు ముందే ఉంది కాబట్టి దీన్ని మదపుటేనుగు అనుకుందాం. వెనక వరస పావు మొదటిసారి కదిలినప్పుడు, ఖాళీ అయిన ఆ గడిలో రెండింట్లో ఒకటి దింపవచ్చు. క్యాస్లింగ్‌లో (రాజు, ఏనుగు ఒకే ఎత్తులో కదిలినప్పుడు) రాజు గడిలోనో ఏనుగు గడిలోనో దింపాలి, రెండింట్లోనూ కాదు. కదలకుండానే చచ్చిన పావు గడి మీద ఆశ వదులుకోండి.

ప్ర: 'గండభేరుండం' అని ఒక పావు విన్నాం. అది ఏయే పావులను దాటగలదు?
– మలక్‌పేట

జ: దేన్నీ దాటలేదు. స్పెయిన్‌లో అల్ఫోన్సో రాజు 1283లో రాయించిన ఆటల గ్రంథంలో, 12×12 గడుల పెద్ద చదరంగంలో 'ఆంకా' అనే మహాపక్షి ఉంది. మీరు విన్నది బహుశా దానికి ఎవరో పెట్టిన తెలుగు పేరు. ముందు ఒక గడి మూలగా, తర్వాత ఏనుగులా బయటి వైపు నిటారుగా పోతుంది. డి4లో ఉంటే ఇ5కి వెళ్లి, అక్కణ్ణుంచి ఇ6, ఇ7, ఇ8 లేదా ఎఫ్5, జి5, హెచ్5. ఇ5లో ఎవరైనా నిలబడితే ఆ వైపు రెక్క తెగినట్టే.

ఈ మిడతలు, నైట్‌రైడర్లు ఎక్కడ దొరుకుతాయని కొందరు అడిగారు. రెండో సెట్టు మంత్రులను మిడతలుగా, గుర్రాలను నైట్‌రైడర్లుగా వాడుకుని, గుర్తుకు తల మీద బొట్టుబిళ్ల అంటించండి, సుల్తాన్ బజార్‌లో దొరికేవే. సమస్యల బొమ్మల్లో మిడతను తలకిందులు మంత్రిగా, నైట్‌రైడర్‌ను తలకిందులు గుర్రంగా వేస్తారు, బల్ల మీద అలా నిలబెడితే పడిపోతాయి.